స్క్రూ పెట్టావు సరే, పానా ఎక్కడ పడుతుంది?

"ఇదేటి బాబూ, దీన్లోకి కీ ఎలగ దూరతాది?"

గాజువాక ఆటోనగర్లో ఒక రేకుల షెడ్డు. వేసవి మధ్యాహ్నం, పైన రేకు పెనంలా కాలుతోంది. ఫిట్టరు బాబాయి చేతిలో అలెన్ కీ, అంటే ఒక కాలు పొట్టిగా ఒక కాలు పొడుగ్గా వంచిన ఆరుపలకల కడ్డీ, బల్ల మీద నేను గీసిన అల్యూమినియం పెట్టె. ఫిషింగ్ హార్బర్లోని మరపడవల మీద కరెంటు సామాను పెట్టుకోడానికి చేయిస్తున్న పెట్టె అది. మూడు వారాలు కూర్చుని గీశాను. స్క్రీన్ మీద తిప్పి తిప్పి చూసుకుని మురిసిపోయాను కూడా. ఏ భాగమూ ఇంకో భాగంలోకి చొచ్చుకుపోవట్లేదని సాఫ్ట్‌వేర్ కూడా చెప్పింది. తీరా బిగించే రోజున పెట్టె అడుగునున్న బ్రాకెట్‌కి నాలుగు స్క్రూలు పట్టాలి. రెండు పట్టాయి. మిగతా రెండు పట్టవు.

ఎందుకు పట్టవో చెప్తాను, ఎందుకంటే ఈ వ్యాసమంతా ఆ రెండు స్క్రూల గురించే. అవి ఎం6 అలెన్ స్క్రూలు, అంటే ఒళ్లు 6 మిల్లీమీటర్ల లావు, తల కింద పొడవు 16 మిల్లీమీటర్లు. తల ఎత్తు ఇంకో 6. మొత్తం 22. బ్రాకెట్ పైభాగం నుంచి దాని మీదుగా వెళ్లే పలక అడుగుకి నేను వదిలిన ఖాళీ 20. అంటే స్క్రూని నిలువుగా పట్టుకుని బెజ్జం నోట్లో పెడదామన్నా తల పైపలకకి తగులుతుంది. పోనీ ఎలాగో దూర్చారనుకోండి, తల మీద మిగిలేది 14. ఆ స్క్రూకి పట్టే 5 మిల్లీమీటర్ల అలెన్ కీ పొట్టి కాలే దాదాపు 28 ఉంటుంది. తల గుంటలోకి ఓ 3 దిగినా సరిపోదు.

మరి కంప్యూటర్లో ఎలా పట్టింది? కంప్యూటర్లో స్క్రూ నడిచి రాదు. గోడల్లోంచీ పలకల్లోంచీ దూసుకొచ్చి తన చోట కూర్చుంటుంది, పాత పౌరాణిక నాటకంలో నారదుడిలాగా. కూర్చున్నాక ఎవరికీ తగలట్లేదు కాబట్టి అంతా సవ్యంగా ఉందంటుంది సాఫ్ట్‌వేర్. అది చూసేది చివరి స్థానం ఒక్కటే. ఆ చోటికి స్క్రూ ఏ దారిన వచ్చిందో, ఎవరు తిప్పారో, తిప్పినవాడి మోచెయ్యి ఎక్కడ ఆనిందో దాని లెక్కలో లేవు.

బాబాయి నన్నేమీ అనలేదు. టీ తాగి, పైపలకలో ఆ రెండు స్క్రూల నెత్తిన సరిగ్గా 12 మిల్లీమీటర్ల బెజ్జాలు రెండు వేశాడు. స్క్రూ తల వెడల్పు 10, కాబట్టి పైనుంచే దిగింది. కీ పొడుగు కాలు ఆ బెజ్జంలోంచే దింపి బిగించేశాడు. పావుగంట పని. ఆ రెండు బెజ్జాలూ నా గీతలో ఉండాల్సినవి.

స్క్రూనీ, అది కలిపే భాగాల్లో దానికి కావలసిన బెజ్జాల్నీ సాఫ్ట్‌వేరే కలిపి పెట్టేదాన్ని స్క్రూ ఫీచర్ అనో జాయింటు ఫీచర్ అనో అంటాం. మా డిజైను వృత్తిలో దీని గురించి రెండు వర్గాలున్నాయి. సాఫ్ట్‌వేర్ ఇచ్చిన జాయింటు ఫీచర్లు వాడితే పని తొందరగా అవుతుందనేది ఒక వర్గం. స్క్రూలు గీయడం దండగ, బెజ్జాలు వేసి వదిలేస్తే చాలు, మిగతాది వర్క్‌షాపువాళ్లు చూసుకుంటారనేది రెండోది. నాకు రెండింటితోనూ పేచీ ఉంది. స్క్రూ ఫీచర్ తప్పకుండా వాడాలి, అదీ మొదట్నించీ వాడాలి అంటాను నేను. కానీ తొందర కోసం కాదు. పైగా అది సగం మాటే చెప్తుంది, మిగతా సగం గీసేవాడే గీయాలి.

ముందు అనుకూలంగా చెప్పాల్సింది చెప్తాను. మూత, పెట్టె రెండూ కలిపే స్క్రూ ఒకటి ఉందనుకోండి. పాత పద్ధతిలో మూత ఫైల్లో ఓ వృత్తం గీసి బెజ్జం వేస్తాం. పెట్టె ఫైల్లో ఇంకో వృత్తం గీసి ఇంకో బెజ్జం. రెండూ ఒకే చోట ఉన్నాయన్నది మన బుర్రలో మాత్రమే ఉంటుంది, ఫైల్లో ఉండదు. పది రోజుల తర్వాత పార్టీవాళ్లు ఫోన్ చేసి పెట్టె ఇంకో 8 మిల్లీమీటర్లు వెడల్పు కావాలంటారు. పెట్టెలో మార్చి మూతలో మర్చిపోతాం. అదేదో పెద్ద అజ్ఞానం కాదు, శుక్రవారం సాయంత్రం ఎవరైనా చేసే పనే.

జాయింటు ఫీచర్ ఈ రోగానికి మందు. సాలిడ్‌వర్క్స్‌ అనే డిజైను సాఫ్ట్‌వేర్లో హోల్ సిరీస్ అని ఉంది. అసెంబ్లీలో, అంటే భాగాలన్నీ కలిపిన ఫైల్లో, ఓ చోట చుక్క పెడితే అక్కడున్న భాగాలన్నిట్లోంచీ బెజ్జం వేసుకుంటూ పోతుంది. పైభాగంలో స్క్రూ వదులుగా దూరే బెజ్జం, చివరి భాగంలో మర ఉన్న బెజ్జం. ఇన్వెంటర్ అనే ఇంకోదాంట్లో బోల్టెడ్ కనెక్షన్ అయితే బోల్టు, వాషరు, నట్టు అన్నీ ఓ దండలా గుచ్చి ఇస్తుంది, కిందపైన బెజ్జాలు తనే వేస్తుంది. డబ్బులు లేనివాళ్లకి ఫ్రీక్యాడ్ ఉంది. దానికి ఫాస్టెనర్స్ అనే వర్క్‌బెంచ్ తగిలించుకుంటే ఐఎస్‌ఓ అనే అంతర్జాతీయ ప్రమాణం, డిన్ అనే జర్మన్ ప్రమాణం ప్రకారం చేసిన స్క్రూలన్నీ చేతికొస్తాయి. కాలేజీ పిల్లలు దొంగ కాపీల కోసం వెతుక్కునే బదులు దాంతో మొదలుపెట్టొచ్చు.

ఇందులో నాకు నచ్చేది క్లిక్కులు తగ్గడం కాదు. జాయింటుకి ఒక యజమాని దొరకడం. అది మూతదీ కాదు, పెట్టెదీ కాదు. ఇద్దరి మధ్య ఒప్పందం. పెళ్లి ఖర్చు ఎవరిదని రెండు ఇళ్లలో రెండు పుస్తకాలు రాస్తే ఏమవుతుందో, ఒక జాయింటుని రెండు ఫైళ్లలో గీస్తే అదే అవుతుంది. స్క్రూ ఎం6 అని ఒక్క చోట అనగానే పైన 6.6 బెజ్జం, కింద 5.0 డ్రిల్లు, తల కూర్చోవడానికి గుంట, అన్నీ ఆ ఒక్క మాటకి కట్టుబడతాయి. రేపు ఎం5 అంటే 5.5, 4.2 అయిపోతాయి. పట్టిక చూసుకోనక్కర్లేదు, మర్చిపోనక్కర్లేదు.

మా అమ్మమ్మ దగ్గర రెండు ఇత్తడి మరచెంబులు ఉండేవి. ప్రయాణాల్లో మంచినీళ్లకి. మన భాష చూడండి, మర అంటే యంత్రమూ అదే, స్క్రూ మీద చుట్టూ అదే. మరపడవ, మరమేకు, మరచెంబు. ఆ రెండు చెంబులూ చూడ్డానికి కవలల్లా ఉండేవి గానీ ఒకదాని మూత ఇంకోదానికి పట్టేది కాదు. తోమేటప్పుడు తారుమారు కాకుండా ఒక చెంబుకీ దాని మూతకీ చుక్క కొట్టించి ఉంచింది. చెంబు చేసినవాడు మూత మరని ఆ చెంబుకే సరిపెట్టాడు కాబట్టి అది అమ్మమ్మ ఉన్నన్నాళ్లూ బొట్టు నీరు కారలేదు. అదీ జాయింటు ఫీచరే. కాకపోతే ఒకే ఒక్క జతకి పనికొచ్చేది.

ఇంగ్లండులో జోసెఫ్ విట్‌వర్త్ 1841లో ఈ చుక్కల గొడవ తీర్చడానికే మరకి ఒక కోణం, ఒక్కో లావుకి అంగుళానికి ఇన్ని చుట్లు అని లెక్క పెట్టాడు. కోణం 55 డిగ్రీలు. అమెరికాలో విలియం సెల్లర్స్ 1864లో 60 డిగ్రీలన్నాడు, శిఖరం గుండ్రం బదులు చదునుగా ఉంటే మామూలు పనివాడు కూడా తేలిగ్గా కొయ్యగలడని. పనివాడి చెయ్యి తలుచుకుని ప్రమాణం రాసినందుకు నాకు సెల్లర్సే ఎక్కువ నచ్చుతాడు. ఇప్పుడు మనం వాడే మెట్రిక్ మర కూడా 60 డిగ్రీలే. అలాగని విట్‌వర్త్ పోలేదు. మన ఇళ్లలో అర అంగుళం కుళాయి మర ఇప్పటికీ ఆ 55 డిగ్రీలదే. ప్లంబరు జనపనార చుట్టి బిగిస్తున్నప్పుడు విట్‌వర్త్‌నే బిగిస్తున్నాడు.

జాయింటుకి రెండు వైపులా వేర్వేరు యజమానులుంటే ఏమవుతుందో 1904 ఫిబ్రవరిలో అమెరికాలోని బాల్టిమోర్ చూసింది. ఊరు తగలబడుతుంటే వాషింగ్టన్, ఫిలడెల్ఫియా నుంచి ఫైరింజన్లు వచ్చాయి. తీరా చాలావాటి గొట్టాల మర బాల్టిమోర్ కుళాయిలకి పట్టలేదు. 1,500కి పైగా భవనాలు కాలిపోయాయి.

నా సొంత బాల్టిమోర్ చిన్నది. కన్వేయర్ ఫ్రేము ఒకటి గీశాను. ఎం10 హెక్స్ బోల్టు తల తిరక్కుండా ఆరుపలకల గుంటలు పెట్టాను, మొత్తం 24. లైబ్రరీలోంచి ఐఎస్‌ఓ బోల్టు లాగాను కాబట్టి తల వెడల్పు 16, దానికి తగ్గట్టు గుంట. కొట్లోంచి వచ్చిన బోల్టులు పాత డిన్ లెక్కవి, తల 17. రెండూ ఎం10లే. మరలు ఒకటే, చుట్లు ఒకటే, బిల్లు మీద పేరూ ఒకటే. ఒక్క మిల్లీమీటరు తేడాకి 24 గుంటలు ఆకురాయితో అరగదీయించాను. ఎం12కీ ఇదే తంతు, ఐఎస్‌ఓలో 18, డిన్‌లో 19. లైబ్రరీలో ఉన్నదంతా మన ఊరి కొట్లో ఉంటుందనుకోవడం నా తప్పు. అప్పట్నించీ గీసేముందు కొట్టుకి వెళ్లి ఓ గుప్పెడు బోల్టులు తెచ్చి టేబుల్ మీద పోసుకుంటాను.

ఆ కొట్టు గురించే ఇంకో మాట. మొదటిసారి వెళ్లినప్పుడు ఎం6 హెక్స్ బోల్టులు ఇమ్మన్నాను. కౌంటర్లో కుర్రాడు ఓ క్షణం ఆలోచించి "పదో నంబరా?" అన్నాడు. మెకానిక్కుల లెక్క అది. ఎం6 అంటే పదో నంబరు, ఎం8 అంటే పదమూడు, ఎం10 అంటే పదిహేడు. తలకి ఏ పానా పడుతుందో అదే బోల్టు పేరు. గీసేవాళ్లం బోల్టు ఒంటి లావుని బట్టి పిలుస్తాం, బిగించేవాళ్లు తమ చేతిలో పానాని బట్టి పిలుస్తారు. నా పెట్టెలో ఏం తప్పు జరిగిందో ఆ కుర్రాడు రెండు మాటల్లో చెప్పేశాడు, అప్పుడు నాకు ఎక్కలేదు.

స్క్రూ ఫీచర్ చెప్పని సగం అదే. అది స్క్రూ ఒంటిని చూపిస్తుంది, పానాని చూపించదు. బెజ్జం, గుంట, మర అన్నీ ఇస్తుంది గానీ, పక్కనే ఆనుకుని గోడ ఉంటే రింగు పానా ఆ తల మీదకి దిగదని చెప్పదు. ముందు ఏ స్క్రూ, తర్వాత ఏ స్క్రూ అని అడగదు. నా రెండు స్క్రూలూ పైపలక వెల్డింగు కాకముందే అయితే హాయిగా పట్టేవి. కానీ రిపేరుకి విప్పాల్సి వస్తే? పడవ మీద, అలల మధ్య, ఒక చేత్తో తాడు పట్టుకుని?

ఆర్కే బీచిలో కురుసుర జలాంతర్గామి మ్యూజియంకి చుట్టాల్ని ఎన్నిసార్లు తీసుకెళ్లానో లెక్కలేదు. ఇసకలోకి చేర్చి 2002లో జనానికి తెరిచారు. వాళ్లు పెరిస్కోపు చూస్తుంటే నేను గొట్టాల్ని బోల్టులతో కలిపే ఫ్లాంజీల దగ్గర ఆగిపోతాను. అంత ఇరుకులో, ఊగే ఓడలో, ఆ బోల్టు దగ్గరికి మనిషి మణికట్టు ఎలా వెళ్లేదా అని. మా ఆవిడ దీన్ని చాలాసార్లు భరించింది.

ఇక ఇంకో గాయం. దీంట్లో తప్పు నాదే, ఎవరిమీదా తోయను. ఒక పలకలో 36 ఎం6 మర బెజ్జాలు. సాఫ్ట్‌వేర్లో మరలు ఎర్రగా నీటుగా కనపడుతున్నాయి. డ్రాయింగు షీటు తయారుచెయ్యడానికి బద్ధకించి, ఏ డిజైను సాఫ్ట్‌వేర్లోనైనా తెరుచుకునే స్టెప్ ఫైలు ఒకటి, కంప్యూటరు నడిపే యంత్రాలున్న సీఎన్‌సీ షాపుకి పంపేశాను. పలక వచ్చింది. మెరుస్తోంది. 36 బెజ్జాలూ 5 మిల్లీమీటర్లు, నున్నగా, అద్దంలా. మర లేదు.

మనం స్క్రీన్ మీద చూసే ఆ మర చాలామటుకు బొమ్మే. కాస్మెటిక్ థ్రెడ్ అంటారు. బెజ్జం గోడకి గోడకాగితం అంటించినట్టు మర బొమ్మ అంటిస్తారు, ఆకారం మాత్రం ఉత్త గొట్టం. ఇక్కడ మర ఉంది అనే సంగతి ఆ సాఫ్ట్‌వేర్ సొంత పుస్తకంలో ఉంటుంది. స్టెప్‌లోకి మార్చగానే మామూలుగా ఆకారం మాత్రమే వెళ్తుంది, పుస్తకం వెళ్లదు. అవతలివాడికి కనపడేది 5 మిల్లీమీటర్ల బెజ్జం. వాడు 5 వేశాడు. వాడిది ఏం తప్పు?

ఆ సాయంత్రం బాబాయి, నేను కలిసి 36 బెజ్జాలకీ చేత్తో ట్యాప్ కొట్టాం, అంటే మర కోసే పనిముట్టు దింపి మర వేశాం. ఆ పని ఒక్కసారైనా చెయ్యకుండా మర బెజ్జం గీయడానికి ఎవరికీ లైసెన్సు ఇవ్వకూడదని నా ప్రతిపాదన. మూడు ట్యాపుల సెట్టు ఉంటుంది. మొదటిది మొన సన్నగా ఉంటుంది, దారి చేసేది. రెండోది కోసేది. మూడోది అడుగు దాకా వెళ్లేది. అల్యూమినియానికి ఓ చుక్క కిరసనాయిలు. అర చుట్టు ముందుకి, పావు చుట్టు వెనక్కి, అలా వెనక్కి తిప్పినప్పుడు లోపల రజను తెగిన శబ్దం వేళ్లకి తెలుస్తుంది, చెవికి కాదు. వెనక్కి తిప్పకుండా ఆబగా తిప్పుకుంటూ పోయానో, పదకొండో బెజ్జంలో ట్యాప్ పుటుక్కుమంది. విరిగిన ట్యాప్ అల్యూమినియంలోంచి తియ్యడం ఇంకో వ్యాసం. మూసిన బెజ్జం అడుగున రెండు మూడు చుట్ల ఖాళీ ఎందుకు వదలాలో ఏ పుస్తకమూ చెప్పనంత బాగా ఆ రోజు అర్థమైంది. ట్యాప్ మొనకీ, రజనుకీ చోటు కావాలి కదా.

ఇప్పుడు రెండో వర్గం వాదన. స్క్రూలన్నీ అసెంబ్లీలో పెడితే ఫైలు బరువెక్కి కంప్యూటరు మూలుగుతుందంటారు. నిజమే, సగం నిజం. ప్రతి స్క్రూకీ నిజంగా మెలికలు తిరిగే మర గీస్తే మూలుగుతుంది. ఎవరు గీయమన్నారు? త్రీడీ ప్రింటులో నేరుగా మర ముద్రించాలంటే తప్ప ఆ మెలిక అక్కర్లేదు, బొమ్మ మర చాలు. స్క్రూ అంటే నాకు కావలసింది తల, ఒళ్లు, పొడవు. అంటే రెండు గొట్టాలు. రెండు గొట్టాలకి మూలిగే కంప్యూటరు అయితే లోపం స్క్రూది కాదు.

ఇంకో అభ్యంతరం మాత్రం గట్టిది. ఒక భాగాన్ని ఇంకో భాగానికి ఫైల్లో ముడిపెడితే, ఆ మూతని రేపు వేరే పెట్టెకి వాడదామంటే పాత పెట్టె దయ్యంలా వెంటపడుతుంది. మా పెద్దసారు ఈ మాట మీద ఇప్పటికీ నిలబడే ఉన్నాడు. నేను ఆయన మాట సగం ఒప్పుకుని, మూతనీ పెట్టెనీ ఒకదానికొకటి కాకుండా, రెండింటినీ ఓ మూడో స్కెచ్‌కి కడతాను. అందులో స్క్రూల కేంద్రాలు, సైజులు తప్ప ఏమీ ఉండవు. దాని పేరు జాయింట్లు. మూత, పెట్టె రెండూ దాన్ని చూసి బెజ్జాలు వేసుకుంటాయి. అప్పుడు ఒప్పందపత్రం మధ్యవర్తి దగ్గర ఉన్నట్టు.

స్క్రూలు గీసి పంపితే ఒక్కోసారి ఏమవుతుందో కూడా ఒక నవ్వులాట చెప్తాను. ఓసారి వేరే ఊళ్లో ఆఫీసుకి అసెంబ్లీ పంపాను. వాళ్ల కంప్యూటర్లో నా స్క్రూ లైబ్రరీ లేదు. ఫైలు తెరవగానే చిన్న పెట్టె, దాని నిండా తాటిచెట్లంత స్క్రూలు. సైజు దొరక్కపోతే లైబ్రరీ తన దగ్గరున్న వేరే సైజుని పెట్టేసింది, అది పెద్దది అయింది. వాళ్లు ఫోన్ చేసి "సార్, ఇది పెట్టెకి స్క్రూనా, స్క్రూకి పెట్టెనా?" అన్నారు. ఇది విని రెండో వర్గంవాళ్లు చూశావా అంటారు. నేనంటాను, అది స్క్రూల్ని కూడా ఫైళ్లుగా భద్రం చేసి అసెంబ్లీతో పాటు పంపాలనే పాఠం, అంతే. అన్నం మాడిందని వంట మానేస్తామా?

ఇక సాఫ్ట్‌వేర్ మనల్ని మోసం చేసే అతి పెద్ద చోటు. రెండు భాగాల మధ్య స్క్రూ పెట్టి లాక్ చేస్తే, ఆ రెండూ ఒకే ముద్ద అయినట్టు తెర మీద కనపడుతుంది. నిజంలో స్క్రూ ఒక స్ప్రింగు. బిగిస్తే కాస్త సాగుతుంది. ఆ సాగుడే రెండు పలకల్నీ కరిచిపట్టి ఉంచుతుంది. ఎం6, 8.8 బలం గ్రేడు స్క్రూని దాదాపు 10 న్యూటన్ మీటర్లు బిగిస్తే, పలకల్ని నొక్కే బలం ఇంచుమించు 900 కిలోల బరువుకి సమానం. చిటికెన వేలంత లేని మేకు ఓ మోస్తరు కారంత బరువు మోస్తోంది. తమాషా ఏంటంటే మనం చేత్తో పెట్టిన శక్తిలో పదోవంతు మాత్రమే ఆ నొక్కుడికి వెళ్తుంది, మిగతాదంతా తల కింద, మరలో రాపిడికి పోతుంది. అందుకే మరలో నూనె ఉన్నా, ఉప్పు ఉన్నా లెక్క మొత్తం మారిపోతుంది. మరలో మొదటి చుట్టే దాదాపు మూడోవంతు భారం మోస్తుంది కాబట్టి ఇంకో పది చుట్లు ఎక్కువ పెట్టినంత మాత్రాన బలం అంతకంతా పెరగదు. ఉక్కులో అయితే స్క్రూ లావంత లోతు, అల్యూమినియంలో అయితే ఒకటిన్నర నుంచి రెండింతలు చాలు. ఈ లోతు స్క్రూ ఫీచర్ అడుగుతుంది. ఏ లోహమో దానికి తెలిసినా అడ్డుచెప్పదు. మనం 5 అని కొడితే 5 పెడుతుంది.

మన ఊళ్లో ఉప్పు గాలి సంగతి వేరే చెప్పాలా? అల్యూమినియం పెట్టెలో స్టెయిన్‌లెస్ స్క్రూ పెడితే చూడ్డానికి పెళ్లికూతురే. రెండు లోహాల మధ్య ఉప్పునీరు చేరితే బ్యాటరీ తయారైనట్టే, అల్యూమినియం తినుకుపోతుంది. రెండు వానాకాలాలు పోయాక స్క్రూ చుట్టూ తెల్లటి పిండి, తిప్పితే కదలదు, ఇంకా తిప్పితే తల గుంట గుండ్రమవుతుంది. గ్రీజు రాయాలి, వీలైతే కింద నైలాన్ వాషరు వెయ్యాలి, 304 బదులు 316 రకం స్టెయిన్‌లెస్ తీసుకోవాలి. స్టెయిన్‌లెస్‌లోనే స్టెయిన్‌లెస్ మర అయితే ఇంకో గండం, వేగంగా బిగిస్తే రెండూ కరుచుకుపోయి విడవవు. ఇవేవీ గీతలో కనపడవు కాబట్టే గీతలో రాయాలి. నేనిప్పుడు స్క్రూ వివరాల్లో గ్రీజు అని ఓ గడి పెట్టాను.

ప్లాస్టిక్ డబ్బాల సంగతి నాది తక్కువ అనుభవం, రెండు ముక్కల్లో తేలుస్తాను. స్క్రూ దిగే గొట్టంలాంటి బొడిపెని బాస్ అంటారు, దాని బయటి వెడల్పు స్క్రూకి రెండు, రెండున్నర రెట్లు ఉండాలి, కానీ దాని గోడ డబ్బా గోడలో 60 శాతానికి మించితే బయటవైపు సొట్ట తేలుతుంది. తరచూ విప్పేది అయితే లోపల మర ఉన్న ఇత్తడి ఇన్సర్టు వేడితో దించండి, ప్లాస్టిక్ మర నాలుగు విప్పుళ్లకి పోతుంది.

పెట్టె గొడవ తర్వాత నా లైబ్రరీలో కొత్త ఫోల్డరు ఒకటి చేరింది. పానాలు. పదో నంబరు రింగు పానా, పదమూడు, 5 మిల్లీమీటర్ల అలెన్ కీ రెండు కాళ్లతో, పొడుగు స్క్రూడ్రైవరు. ఒక్కోటి పది నిమిషాల పని. స్క్రూ పెట్టగానే దాని తల మీద పానాని కూడా పెడతాను, 60 డిగ్రీలు తిప్పి చూస్తాను, గోడకి తగిలితే ఎర్రగా తెలుస్తుంది. ఆరుపలకల తలకి అంతమాత్రం తిరిగితే పానా తీసి మళ్లీ పెట్టుకోవచ్చు. తర్వాత స్క్రూని దాని దారిలోనే పైకి లాగి చూస్తాను, పొడవంతా బయటికి వస్తుందో లేదో. చివరికి పానాల్ని దాచేసి ఫైలు పంపుతాను. ఇంకొకటి, ఒక పనిలో స్క్రూ సైజులు మూడుకి మించనివ్వను. ఒకప్పుడు ఎం4, ఎం5, ఎం6, ఎం8, ఒక్కోదాంట్లో మూడు పొడవులు వాడినవాణ్ణే. బిగించేవాడు ప్రతిసారీ పానా మార్చుకుంటూ నన్ను తలుచుకునేవాడని తర్వాత తెలిసింది. ఎలా తలుచుకునేవాడో రాయను.

పానా పెట్టాక చెయ్యి మిగిలింది. పోయిన నెల ఓ గ్రాఫు కాగితం పట్టుకుని షెడ్డుకి వెళ్లాను. "బాబాయ్, కీ పట్టుకుని పిడికిలి దీని మీద పెట్టు" అన్నాను. ఆయన నన్ను ఎగాదిగా చూసి, చెయ్యి ప్యాంటుకి తుడుచుకుని పెట్టాడు. పెన్సిల్‌తో చుట్టూ గీశాను. పక్కకి తిప్పి ఇంకోటి. వెడల్పు 104 మిల్లీమీటర్లు వచ్చింది, నాది కొలిస్తే 88. ఇంటికొచ్చి ఆ ఆకారాన్ని ఓ ముద్దగా చేసి లైబ్రరీలో పడేశాను, ఫైలు పేరు బాబాయి చెయ్యి. ఇప్పుడు ఆఫీసులో అందరూ అదే వాడుతున్నారు. మొన్న కొత్తగా చేరిన అమ్మాయి ఒక పంపు మూత మీద ఆ చెయ్యి పెట్టి, ఏదో తేడాగా ఉందని కాసేపు చూసి, "సార్, ఇది ఎడమ చెయ్యి కదా?" అంది.

అవును. ఆయనది ఎడమ చేతివాటం. ఇన్నాళ్లూ మేం గీసినవన్నీ ఎడమ చేతివాళ్లకి బాగా అందుతాయి. మిర్రర్ కొట్టి కుడి చెయ్యి కూడా ఒకటి పెట్టమన్నాను.